జిల్లా దాకా ఆడిన అమ్మాయికి

అమ్మాయీ,

నీ మెసేజ్ మూడుసార్లు చదివాను. ఫోన్ చేసి మాట్లాడదామనుకున్నాను గానీ ఈమధ్య నా మాటలకన్నా దగ్గే ఎక్కువ వినపడుతోంది. అందుకని తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. నువ్వూ తీరిగ్గానే చదువు.

గురుకులంలో కబడ్డీ టీమ్‌ను చూసుకొమ్మని అడిగారనీ, అదే పనికి నేషనల్స్ ఆడినావిడ కూడా అప్లై చేసిందనీ, "జిల్లా సెమీస్‌లో మోకాలు పోగొట్టుకున్నదాన్ని, నేను కోచ్‌నేంటి మాస్టారూ" అనీ రాశావు. ఆ రోజు కోర్టు అంచున, లాబీ పక్కన పడిపోయిన నిన్ను బయటికి మోసుకొచ్చింది నేనే. కాబట్టి జవాబు చెప్పాల్సిన బాకీ కూడా నాదే.

ఆడిన అనుభవం అక్కర్లేదని నేననను. కావాలి. కూతకు వెళ్లినప్పుడు గొంతు ఎండిపోవడం, పట్టు దొరికాక కూడా అవతలివాళ్లు ఈడ్చుకుపోతుంటే మోచేతులు చీరుకుపోవడం, తప్పు తనదైనా పక్కవాళ్ల మొహం చూడలేకపోవడం, ఇవి తెలియనివాళ్లు పిల్లల మీద ఊరికే అరుస్తారు. నీకివన్నీ తెలుసు. ఆరేళ్లు ఆడావు. నా లెక్కలో అది సరిపోతుంది. ఆ తర్వాత కోచ్‌కి కావాల్సింది ఇంకా ఆడితే వచ్చేది కాదు.

నా సంగతే చెబుతా. నేను స్టేట్ ఆడాను కదా, పొడుగు కాళ్లు, టో టచ్‌లో, అంటే కాలు చాచి వేలికొసతో అవతలివాణ్ణి తాకి రావడంలో, నన్ను ఆపేవాడు లేడని నాకో పొగరు. ఉద్యోగంలో చేరిన కొత్తలో వచ్చిన ప్రతి కుర్రాడికీ అదే నేర్పాను. ఒకడుండేవాడు, పొట్టివాడు, భుజాలు మాత్రం ఎద్దు మూపురంలా ఉండేవి. వాణ్ణి మూలకు పక్కనుండే కవర్‌లో పెట్టి, దారికి అడ్డం నిలబడే బ్లాక్ నేర్పితే గోడలా నిలబడేవాడు. నేను వాడిచేత రెండేళ్లు టో టచ్ చేయించాను. కాలు చాచితే లైను దాటి జానెడు కూడా పోదు. "సాగదీయరా!" అని అరుపులు. చివరికి వాడు విసిగిపోయి ఖోఖోలో చేరాడు, ఏడాది తిరక్కుండా స్టేట్‌కి సెలెక్టయ్యాడు. కంగ్రాట్స్ చెప్పడానికి నాకు మొహం చెల్లలేదు.

బాగా ఆడినవాడికి తెలిసేది తన ఒళ్లొక్కటే. అది కూడా పైపైనే. "అంత వేగంగా ఎలా తిరిగావురా" అని కూతకు వెళ్లే మంచి రైడర్‌ని అడిగి చూడు. "తిరిగానంతే సార్" అంటాడు. అది గొప్పలు పోవడం కాదు, నిజంగానే వాడికి తెలియదు. తెలియకపోవడం వల్లే అంత బాగా ఆడతాడేమో కూడా.

నాకు కళ్లు తెరిపించింది మా స్కూల్లో లెక్కలు చెప్పే మాస్టారు. ఆయన జీవితంలో కబడ్డీ గీత దాటలేదు. సాయంత్రాలు బస్సు వచ్చేదాకా స్టోర్ రూమ్ అరుగు మీద కూర్చుని మా ప్రాక్టీస్ చూసేవాడు. అప్పుడు ఎడమ మూలన, లెఫ్ట్ కార్నర్‌లో ఆడే మా కుర్రాడు యాంకిల్ హోల్డ్‌కి, అంటే రైడర్ చీలమండ పట్టుకోవడానికి, దూకితే సగానికి పైగా పట్టు జారుతోంది. "పట్టు బిగించు, పట్టు బిగించు" అని నెల రోజులుగా నేను చెప్పిందే చెబుతున్నాను. ఒకరోజు ఆయన గోడ మీద సుద్దముక్కతో గీసిన గీతలు చూపించాడు. పై వరుసలో తొమ్మిది, కింద ఆరు. "మాస్టారూ, వీడికి దొరికిన ఆరుసార్లూ రైడర్ వెనక్కి తిరుగుతున్నాడు. జారిన తొమ్మిదిసార్లూ రైడర్ ఇంకా లోపలికి వస్తున్నాడు. పట్టులో లోపం ఉందంటారా?" అన్నాడు.

పట్టులో లోపమే లేదు. వాడు రైడర్ చేతిని చూసి దూకుతున్నాడు, కాలు చూడట్లేదు. మర్నాటి నుంచి మూడు రోజులు వాడిచేత చేతులు వెనక్కి కట్టించి నిలబెట్టాను. పట్టుకోవడం లేదు, దూకడం లేదు. రైడర్ వెనక్కి తిరగబోతూ ఒంటి బరువు ముందుకాలి మీద వేసిన క్షణాన "ఇప్పుడు!" అని అరవాలి, అంతే. మొదటిరోజు అన్నీ తప్పే. మూడోరోజుకి వాడి కేక, రైడర్ మడమ లేవడం ఒకేసారి జరిగేవి. ఈ డ్రిల్లు నీ పిల్లలచేత కూడా చేయించు, పైసా ఖర్చు లేదు. మా లెక్కల మాస్టారికి మాత్రం నేను ఒక టీ బాకీ పడ్డాను, రోజూ తీర్చుకునేవాణ్ణి.

పెద్దవాళ్ల సంగతి చూసినా ఇదే కనపడుతుంది నాకు. మన హైదరాబాద్ రహీం సాబ్, సయ్యద్ అబ్దుల్ రహీం, స్కూలు టీచరు. ఉస్మానియాకి ఫుట్‌బాల్ ఆడారు గానీ దేశానికి ఆడలేదు. ఆయన తయారుచేసిన టీమే 1951లోనూ 1962లోనూ ఆసియా క్రీడల్లో బంగారం తెచ్చింది, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. పిల్లలకు బలంలేని కాలితోనే ఆడాలని టోర్నీలు పెట్టేవారట. 1962లో జకార్తాలో జర్నైల్ సింగ్ తలకు దెబ్బ తగిలి కుట్లు పడితే, డిఫెండర్‌గా ఆడే అతణ్ణే తెచ్చి గోల్ కొట్టే సెంటర్ ఫార్వర్డ్‌లో నిలబెట్టారు. సెమీస్‌లోనూ ఫైనల్లోనూ అతను గోల్ కొట్టాడు. ఆ ఆలోచన ఆయనకు ఎదుటి మనిషిని చూసి చూసి వచ్చుంటుంది.

సచిన్ గురువు అచ్రేకర్ గారు ఆడిన ఫస్ట్ క్లాస్ మ్యాచ్, అంటే రంజీ స్థాయిది, ఒక్కటే. అదీ మొయినుద్దౌలా టోర్నీలో హైదరాబాద్ మీద. ఇది చెప్పి "చూశారా, ఆయన ఆడనే లేదు" అంటారు జనం. ఆడలేదని ఎవరన్నారు? ముంబై మైదానాల్లో ఏళ్లకేళ్లు క్లబ్ క్రికెట్ ఆడారు. పెద్ద స్కోర్‌బోర్డు మీద పేరు పడలేదంతే. నీదీ దాదాపు అదే బాపతు. అసలు ఫస్ట్ క్లాస్ గడపే తొక్కని మైక్ హెస్సన్ కోచ్‌గా ఉండగానే న్యూజిలాండ్ 2015లో మొదటిసారి వరల్డ్ కప్ ఫైనల్‌కి వెళ్లిందని మా మనవడు చెప్పాడు.

మరి గోపీచంద్ సంగతేంటి అంటావు, నాకు తెలుసు. 2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచినవాడు, అంతకన్నా పెద్ద ఆట అనుభవం ఏముంటుంది? నిజమే. కానీ సైనానూ సింధునూ పక్కపక్కన నిలబెట్టి చూడు. ఒకళ్ల ఎత్తు ఒకళ్లది కాదు, ఒకళ్ల ఆట ఒకళ్లది కాదు. ఇద్దరూ గోపీచంద్‌లా ఆడలేదు. తన ఆటను పక్కనపెట్టడం అతను ఎప్పుడో నేర్చుకున్నాడు. నేను ఆ పొట్టివాడి దగ్గర నేర్చుకోలేకపోయింది అదే.

ఇంకోమాట. ఆడిన అనుభవానికి కూడా వయసైపోతుంది. నేను ఆడిందంతా మట్టి కోర్టు. కాలు జారితే మట్టి కొంచెం జరుగుతుంది, మోకాలు బతికిపోతుంది. మ్యాట్ మీద బూటు అతుక్కుని ఒళ్లు మాత్రమే తిరుగుతుంది. నీ మోకాలు పోయింది అలాగే. మ్యాట్ వచ్చిన కొత్తలో నేను పిల్లల్ని మట్టి మీద తిప్పినట్టే తిప్పాను. ఆ తప్పు నాది, ఇన్నాళ్లకు చెబుతున్నాను. వరసగా రెండు రైడ్‌లు ఖాళీగా పోతే మూడోదాంట్లో పాయింట్ తేవాలి, లేకపోతే అవుట్ అనే డూ ఆర్ డై కూడా మా రోజుల్లో లేదు. స్టేట్ ఆడిన నేనూ కొత్తవాడిలాగే రూల్ బుక్ ముందేసుకుని కూర్చోవాల్సి వచ్చింది.

ఇక నేషనల్స్ ఆడినావిడ. ఆవిడకి నీకన్నా ఎక్కువున్న మాట నిజం. ఆఖరి నిమిషం, ఒక్క పాయింట్ తేడా, గ్యాలరీ అంతా అరుపులు, ఆ టెన్షన్‌లో పిల్లకు ఏం చెప్పాలో ఆవిడకి ఒంటికి తెలుసు. నీకు తెలియదు. సిగ్గుపడకుండా వెళ్లి అడుగు. "టైమ్ అవుట్‌లో మీ కోచ్ ఏం చెప్పేవారక్కా? ఏం చెప్పకుండా ఉంటే బాగుండేది?" అని. రెండో ప్రశ్న మర్చిపోకు, సరుకంతా అక్కడే దొరుకుతుంది. ఉద్యోగాల దగ్గర కూడా సర్టిఫికెట్ల బరువు చూస్తారు, అది మనం మార్చలేం. కోచ్‌లకు శిక్షణనిచ్చే పటియాలా ఎన్ఐఎస్‌లో ఆరు వారాల సర్టిఫికెట్ కోర్సు ఉంటుంది, డిప్లొమా అయితే ఏడాది. ఏ స్థాయిలో ఆడినవాళ్లను తీసుకుంటారో ఆ ఏటి నోటిఫికేషన్లో చదువుకుని అప్లై చెయ్యి. దానికన్నా ముందు రిఫరీ పరీక్ష రాయి. విజిల్ పట్టుకుని వంద మ్యాచ్‌లు నడిపిస్తే కోర్టు నీకు వేరేగా కనపడుతుంది. ఆడేటప్పుడు మనకు ఎదుటి మనిషి ఒక్కడే కనపడతాడు.

మొదటిరోజే పిల్లలకు చెప్పెయ్, నేను ఆడింది జిల్లా దాకానే అని. దాచిపెడితే రెండు వారాల్లో వాళ్లే కనిపెడతారు, అప్పుడు నీ మాట గాలికి పోతుంది. మోకాలితో డైవ్ చేసి చూపించాలని అస్సలు చూడకు. బాగా చేసే పిల్లను పిలిచి చేయించు, మిగతావాళ్లను దాని కాళ్లు చూడమను. చూపించే పిల్లకు గర్వంగానూ ఉంటుంది, చూసే పిల్లలకు "ఇది మనమూ చెయ్యొచ్చు" అనీ అనిపిస్తుంది. నెలరోజులు ఎవరి ఆటా మార్చకు. నోట్‌బుక్‌లో పిల్లకో పేజీ పెట్టి గీతలు గీసుకో, మా లెక్కల మాస్టారిలాగా.

ఇంత బరువు దాటకూడదని తూచే టోర్నీలుంటే పిల్లలు నీకు చెప్పకుండా అన్నం మానేస్తారు, నీళ్లు కూడా మానేస్తారు. హాస్టల్లో వార్డెన్‌తో మాట్లాడి ప్లేట్లు గమనించు. నెలసరి రోజుల్లో ప్రాక్టీస్‌కి రాకపోతే నన్ను అడగడానికి పిల్లలు చచ్చేంత సిగ్గుపడేవాళ్లు. నీ దగ్గర ఆ ఇబ్బంది ఉండదు, ఇది నా నలభై ఏళ్ల అనుభవం కన్నా పెద్దది. మోకాలు "టక్" మందని ఎవరైనా అంటే నూనె పెట్టి లాగించడాలు వద్దు. ఐస్ పెట్టి ఎముకల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లు. నీకు మనం ఎన్ని వారాలు పాడుచేశామో గుర్తుంది కదా.

వరంగల్ దగ్గర కల్లెడ అమ్మాయి దీప్తి జీవాంజి, 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్లలో కాంస్యం తెచ్చింది. తర్వాత నాగపురి రమేశ్ లాంటి పెద్ద కోచ్ చేతిలో పడింది సరే. ముందుగా ఆ పిల్ల పరుగు గమనించింది ఊళ్లో స్కూలు ఆటల టీచరు, పీఈటీ. ఆ వార్త పేపర్లో చదివిన రోజు మా ఆవిడ చేత కాఫీ రెండుసార్లు పెట్టించుకున్నాను.

వచ్చే ఆదివారం ఖాళీ ఉంటే రా. నా పాత నోట్‌బుక్కులు అటక మీద ఉన్నాయి, పద్నాలుగో పదిహేనో. కొన్ని ఎలకలు కొరికాయి. నీ పేజీ మాత్రం బాగానే ఉంది, నిన్ననే దింపి చూశాను. నువ్వు ఎడమవైపు నుంచి కూతకు వెళ్తే ఎన్నిసార్లు దొరికిపోయావో అందులో గీతలున్నాయి. వచ్చి లెక్కపెట్టుకుందువుగాని.

మీ మాస్టారు