కంద విత్తనం: ముక్కలు చేయాలా, గుండు దుంప వేయాలా?

మీ అరెకరంలో బంగాళదుంపని కోసి నాటినట్టే కందనీ 100 గ్రాముల ముక్కలు చేసి నాటొచ్చా, పిల్ల దుంప గుండుగానే వేయాలా అని అడిగారు కదండీ. రెండూ వేశాను. ముక్కలతో మొదటిసారి చేతులు కాల్చుకున్నాను కూడా.

బంగాళదుంపకి ఒళ్ళంతా కళ్ళే, అంటే మొలకొచ్చే చోట్లే. కందకి ప్రధానమైన కన్ను నడినెత్తిన ఒక్కటే. అది పట్టించుకోకుండా కొత్తపేట దగ్గర మా కొబ్బరితోటలో వేయడానికి కూరకి తరిగినట్టు అడ్డదిడ్డంగా కోయించేశాను. అడుగు ముక్కలు నెలన్నరైనా మొలవలేదు. తవ్వి చూస్తే సగం మెత్తబడి కంపు కొడుతున్నాయి. విత్తనం డబ్బులు మట్టిపాలు.

పుచ్చకాయ చెక్కలు కోసినట్టు నెత్తి నుంచి అడుగుకి నిలువుగా కోయాలి. కన్ను చుట్టూ ఉండే వలయంలో గోరంతైనా ప్రతి ముక్కకీ రావాలి. పేడ నీళ్ళలో ట్రైకోడెర్మా (కుళ్ళుని అడ్డుకునే మంచి బూజు పొడి) కలిపి ముంచి, ఒక రోజు నీడన ఆరనివ్వండి. (కందకి లేని దురద కత్తిపీటకెందుకంటారు గానీ కోసే చేతులకి బాగానే ఉంటుంది. కొబ్బరినూనె రాసుకుని కూర్చోండి.)

ఈ చిన్న ముక్కల పద్ధతి తిరువనంతపురం దుంప పంటల పరిశోధన సంస్థ వాళ్ళది. నా లెక్కలో అది విత్తనం పెంచుకోడానికే, అమ్మకానికి కాదు. మా మడిలో ముక్కకి అరకిలో అటూ ఇటూ దుంప ఊరింది. బజారులో దానికి ధర ఉండదు, మరుసటేడు విత్తనానికి మాత్రం సరిగ్గా సరిపోతుంది. గుండు దుంపకి కోత గాయం ఉండదు కాబట్టి వానకి తట్టుకుంటుంది, మొలకా ఒకేసారి లేస్తుంది.

మీ అరెకరానికి 90 సెంటీమీటర్ల ఎడంతో సుమారు 2,500 దుంపలు కావాలి. అరకిలోవి కొంటే టన్నుంపావు. అదే 300 కిలోలు కొని 3,000 ముక్కలు చేసి, 60×45 సెంటీమీటర్ల ఎడంతో 20 సెంట్లలో వేస్తే, పోయినవి పోగా మరుసటేటికి మీ విత్తనం మీ చేతిలో ఉంటుంది. ఒక ఏడాది ఆలస్యం, అంతే. కొవ్వూరు గజేంద్ర రకమైతే దురద తక్కువ.

ఒక్క జాగ్రత్త. ఆకు మీద పసుపు మచ్చలొచ్చి ముడుచుకున్న మొక్కలకి పైరు మీదుండగానే పుల్ల గుచ్చి పెట్టుకోండి. ఆ తెగులు దుంప వెంటే వస్తుంది. ఆకు ఎండాక ఏది ఏదో పోల్చుకోలేరు. పుల్ల గుచ్చిన మొక్కల దుంపలు కూరకే పంపండి.