నాన్న పేరున ఇంటి ముందు చలివేంద్రం: కుండల దగ్గర్నుంచి మజ్జిగ దాకా

మీరు అడిగింది ఇదీ: నాన్నగారు పోయాక వచ్చిన తొలి వేసవి, ఆయన పేరున ఇంటి ముందు చలివేంద్రం పెట్టాలనుకుంటున్నారు, ఎన్ని కుండలు కావాలి, నీళ్లు ఏవి పోయాలి, మజ్జిగ కూడా ఇవ్వగలమా, దానికి శాస్త్రం ఏమైనా ఉందా అని.

కుండలకన్నా ముందు ఇంట్లో మనుషుల్ని లెక్కపెట్టుకోండి. పొద్దున్నే నీళ్లు నింపేదెవరు, మధ్యాహ్నం 12 నుంచి 4 దాకా పందిట్లో కూర్చునేదెవరు, రాత్రి కుండలు కడిగేదెవరు? ఈ మూడు పనులకూ మూడు పేర్లు, ఆ మనిషి ఊరెళ్తే బదులుకు ఇంకో పేరు రాసుకోండి. రిబ్బను కత్తిరించి ఫొటో దిగిన చలివేంద్రాలు రోహిణి కార్తె నాటికి ఎండిపోయి కనిపిస్తాయి కదా, అక్కడ తక్కువైంది డబ్బు కాదు, ఈ మూడు పేర్లే. సరిగ్గా రోళ్లు పగిలే ఎండలకే నీళ్లు లేకపోతే అంతకు ముందు నెలన్నర పోసినదాని మీద కూడా జనానికి నమ్మకం పోతుంది. ఇంట్లో ఇద్దరే ఉంటే రెండు కుండలతోనే మొదలుపెట్టండి.

నీటి లెక్క తేలికే. ఎండలో వచ్చినవాడు ఒక గ్లాసుతో ఆగడు, రెండు తాగుతాడు. 200 మిల్లీలీటర్ల గ్లాసు అనుకుంటే మనిషికి 400. రోజుకు 200 మంది వస్తే 80 లీటర్లు. సీసాలు పట్టుకెళ్లేవాళ్లు, ఒలికేది, కుండలు పీల్చుకునేది, గ్లాసులు కడిగేది అన్నీ కలిపితే 130 లీటర్లకు సిద్ధంగా ఉండాలి. ఇంటి ముందు మామూలు వీధి అయితే ఇందులో సగం చాలు. బస్టాపో, ఆసుపత్రో, కూలీల అడ్డానో పక్కనుంటే ఇది కూడా చాలదు.

కుండలు 15 నుంచి 20 లీటర్లు పట్టేవి తీసుకోండి. అంతకన్నా పెద్ద బానల్లో నీరు చల్లబడటం ఆలస్యమవుతుంది, కడగడానికి వంచాలన్నా ఇద్దరు కావాలి. కొనేటప్పుడు వేలి కణుపుతో తట్టి చూడండి: ఖంగుమంటే మంచిది, మొద్దుగా పలికితే ఎక్కడో సన్న పగులుంది. ఎర్రదా నల్లదా అన్నది కుండలు కాల్చే ఆవంలో పొగ పట్టించిన తేడా మాత్రమే, చల్లదనంలో ఒకటి గొప్పా ఇంకొకటి తక్కువా అని లేదు. కొనకూడనిది రంగులేసి నిగనిగలాడే కుండ. పెయింటు గానీ వార్నీషు గానీ పడితే సూక్ష్మమైన రంధ్రాలన్నీ మూసుకుపోతాయి. ఇక అది మట్టితో చేసిన ప్లాస్టిక్ డబ్బా కిందే లెక్క. మీ పందిరి అందంగా ఉండాలని కుండల మీద ఎనామెల్ పెయింటుతో నామాలూ పువ్వులూ వేయించకండి. ముగ్గుపిండితో మెడ దగ్గర గీత గీస్తే చాలు.

కొత్త కుండను ఒక రాత్రంతా నీళ్లలో ముంచి ఉంచాలి. తెల్లారి కొబ్బరిపీచుతో లోపల రుద్ది, నింపి, ఆ నీళ్లు మొక్కలకు పోసేయండి. రెండోసారీ అంతే. మూడోసారికి మట్టివాసన హద్దులో ఉంటుంది. సబ్బు మాత్రం ఎప్పుడూ తగలనివ్వకూడదు. రంధ్రాల్లోకి దిగిన సబ్బు వారం రోజులు నీళ్లలోకి వస్తూనే ఉంటుంది.

కుండ చల్లబరిచేది చెమటతో. నీరు గోడల్లోంచి పైకి ఊరి ఆవిరవుతూ లోపలి వేడిని తీసుకుపోతుంది. ఒక్క లీటరు ఆవిరవడానికి పట్టే వేడి, 50 లీటర్లకు పైగా నీటిని 10 డిగ్రీలు చల్లబరచడానికి సరిపోతుంది. కాబట్టి కుండకు నీడ ఎంత ముఖ్యమో గాలి అంతే ముఖ్యం. నీడ కోసమని మూలకు నెట్టి మూడువైపులా తడికలు కట్టేస్తే కుండ చెమట ఆరదు, నీళ్లు చల్లబడవు. తెలంగాణలో, రాయలసీమలో గాలి పొడిగా ఉంటుంది గనక నీళ్లు బయటి వేడికన్నా పది పన్నెండు డిగ్రీలు చల్లగా దొరుకుతాయి. కోస్తాలో ఉక్కపోత రోజున ఐదారు డిగ్రీలు తగ్గితే గొప్ప. అది కుండ తప్పు కాదు, అమ్మినాయన మీద కోప్పడకండి.

ఇటుకలు రెండు వరుసలు పేర్చి, మధ్యలో జానెడు ఎత్తున ఇసుక పోసి, కుండను మూడోవంతు అందులో కూర్చోబెట్టండి. ఇసుకను పొద్దునా మధ్యాహ్నమూ తడపాలి. కుండ దొర్లదు, అడుగు కూడా చల్లగా ఉంటుంది. ఆ తడి ఇసుకలో గుప్పెడు ధనియాలు చల్లితే పదిహేను రోజుల్లో పచ్చగా మొలుస్తాయి. చూసేవాళ్ల కళ్లకు అదీ ఒక చల్లదనమే. కుండకు గోనెపట్టా చుట్టి తడపడమూ మంచిదే గానీ, దాన్ని రెండురోజులకోసారి ఉతికి ఆరేయకపోతే ముక్కిన వాసన నీళ్లకు పడుతుంది.

నింపిన నీళ్లు చల్లబడటానికి నాలుగైదు గంటలు పడుతుంది. అందుకే జతలుగా వాడాలి. రెండు కుండల్లోంచి పోస్తుంటే రెండు చల్లబడుతుండాలి. సగం అయిన కుండలో వేడినీళ్లు కలిపేయడం అందరూ చేసే తప్పు. దానివల్ల సాయంత్రం దాకా ఏ కుండలోనూ చల్లటి నీళ్లు ఉండవు. పైగా అడుగునున్న పాతనీళ్లు అలాగే రోజులు గడుపుతాయి.

ఇక నీళ్లు. ఇక్కడ కొంచెం కఠినంగా ఉండక తప్పదు, ఎందుకంటే పుణ్యానికి పోసిన నీళ్లతో వాంతులు, విరేచనాలు పట్టుకుంటే ఆ వీధిలో మళ్లీ ఎవరూ చలివేంద్రం పెట్టరు. మున్సిపాలిటీ కుళాయి నీళ్లయితే వదిలిన మొదటి పది నిమిషాలవి పట్టకండి. ఖాళీగా ఉన్న గొట్టంలోకి చేరిన మురికి అప్పుడే వస్తుంది. నీళ్లు మడ్డిగా ఉంటే ముందు పటికతోనో, ఇండుపగింజ అరగదీసిన గంధంతోనో తేర్చి, పైతేటను గుడ్డతో వడకట్టుకోండి. మడ్డినీటిలో క్లోరిన్ మాత్ర వేస్తే దాని బలమంతా మడ్డికే ఖర్చయిపోతుంది. మాత్ర మోతాదు అట్ట మీదే ఉంటుంది, అదే పాటించండి. ఆరోగ్య కార్యకర్తలు పంచే అరగ్రాము మాత్ర సాధారణంగా 20 లీటర్లకు ఒకటి. వేసి కనీసం అరగంట ఆగాలి. దీన్ని కుండలో కాకుండా స్టీలు డ్రమ్ములో చేసి, తర్వాత కుండల్లో నింపండి. మట్టి గోడ క్లోరిన్‌ను లాగేస్తుంది, కుండలో నేరుగా వేస్తే సరైన మోతాదు నిలవదు.

‘మేం మినరల్ వాటర్ పోస్తాం, మాకు బెంగలేదు’ అనుకునేవాళ్లకు ఒక మాట. 20 లీటర్ల టిన్నులో వచ్చే ఆర్‌వో నీటిలో మిగులు క్లోరిన్ ఉండదు. టిన్నులో శుభ్రంగానే ఉంటుంది, కుండలోకి వంచి పదిమంది చేతులు తిరిగాక దాన్ని కాపాడేది ఏదీ లేదు. కాబట్టి అది పోసినా కుండ శుభ్రత తప్పదు. బోరు నీళ్లయితే, ముఖ్యంగా నల్గొండ, ప్రకాశం లాంటి ఫ్లోరైడ్ ప్రాంతాల్లో, పరీక్ష చేయించకుండా పోయకండి. మరిగించినా క్లోరిన్ వేసినా ఫ్లోరైడ్ పోదు. లీటరుకు ఒక మిల్లీగ్రాము లోపుంటేనే తాగడానికి మంచిది.

తులసి, వట్టివేరు వేయొచ్చా అంటే వేయండి. ఒక తులసి రెమ్మ భక్తికి, పిడికెడు వట్టివేరు వాసనకు. అవి క్లోరిన్ పని చేయవు. వట్టివేరును పలుచటి గుడ్డలో మూటకట్టి రోజు మార్చి రోజు ఎండబెట్టండి. ఆకులు మాత్రం ఏ రోజువి ఆ రోజే తీసేయాలి, లేకపోతే కుళ్లుతాయి.

రోజూ రాత్రి కుండ అడుగు నీళ్లు పూర్తిగా పారబోసి, పీచూ రాళ్లుప్పుతో లోపల రుద్దాలి. వేలికి జారుడుగా తగిలితే పాకుడు పట్టినట్టే. వారానికోసారి వంతులవారీగా బోర్లించి రోజంతా ఎండబెట్టండి. అందుకే నాలుగు వాడేచోట ఐదో కుండ ఉండాలి. నెల తిరిగేసరికి బయట తెల్లగా ఉప్పు పేరుకుంటుంది. ఉప్పునీళ్లున్న ఊళ్లలో మరీను. చింతపండు పులుసుతో రుద్దితే కొంత పోతుంది; పోకపోతే ఆ కుండ పనైపోయింది, మార్చేయండి.

అందరూ గ్లాసు ముంచుకునే పద్ధతి వద్దే వద్దు. పొడుగు కాడ గరిటె ఒకటి, అది పోసేవాళ్ల చేతిలోనే ఉండాలి, పక్కన మేకుకు వేలాడాలి గానీ కుండ మూత మీద పడి ఉండకూడదు. కుళాయి బిగించిన కుండలు తేలికే, కాకపోతే వాషరు దగ్గర కారతాయి, కుళాయి కింద రెండంగుళాల నీళ్లు ఎప్పుడూ మిగిలిపోతాయి. ఆ మిగిలినవే తొందరగా చెడేది. స్టీలు గ్లాసులు పాతిక పెట్టుకుని, మొదట మామూలు నీళ్లలో తొలిచి, తర్వాత 10 లీటర్లకు 3 గ్రాముల బ్లీచింగ్ పౌడరు కలిపిన తొట్టిలో ఒక నిమిషం ముంచి, బోర్లించి ఆరనివ్వండి. ఆ తొట్టి నీళ్లు మధ్యాహ్నానికి మార్చాలి. కాగితం కప్పులు పెడితే సాయంత్రానికి మీ ఇంటి ముందు కాలవ పూడుతుంది. ఎత్తిపోసుకుని తాగేవాళ్లకు చెంబు, దోసిలి పట్టేవాళ్లకు దోసిట్లో ధారగా. దోసిట్లో పోసేటప్పుడు వాళ్లు తల ఊపేదాకా ఆపకండి.

పందిరికి తాటాకో కొబ్బరాకో మేలు. రేకు వేస్తే పైనుంచి సెగ దిగుతుంది. పడమటి వైపు ఒక తడిక కట్టండి, మూడింటి ఎండ అటునుంచే కొడుతుంది. నీడ కుండలకే కాదు, తాగేవాళ్లు నిలబడే చోటికీ పడాలి. ఓ బల్ల వేస్తే ముసలివాళ్లు కాసేపు కూర్చుంటారు. మీ గేటు దాటి రోడ్డు మీదికి వస్తే పంచాయతీలోనో మున్సిపాలిటీలోనో ముందే చెప్పండి.

మజ్జిగ రోజూ ఇవ్వాలని పెట్టుకోకండి. వారానికి ఒకరోజు చాలు. నాన్నగారు పోయిన వారమో, ఆయనకు ఇష్టమైన వారమో ఎంచుకోండి. 60 గ్లాసులకు 3 లీటర్ల పెరుగు, 9 లీటర్ల శుద్ధి చేసిన నీళ్లు, 40 గ్రాముల ఉప్పు, 50 గ్రాముల అల్లం, ఎనిమిది పచ్చిమిరపకాయలు, కరివేపాకు, నాలుగు దబ్బాకులు. అల్లం, మిర్చి దంచి రసం వడగట్టి కలపండి. పిప్పి అలాగే ఉంటే గొంతుకు అడ్డం పడుతుంది, మజ్జిగా త్వరగా పులుస్తుంది. దబ్బాకును నలిపి వేసి గంటలో తీసేయాలి, వదిలేస్తే చేదు దిగుతుంది. పదకొండింటికి కలిపి రెండింటిలోపు అయిపోయేలా చూసుకోండి. పాత్ర స్టీలుదే ఉండాలి. అల్యూమినియం పులుపుకు పనికిరాదు, నీళ్ల కుండలో పోస్తే ఆ కుండ ఇక నీళ్లకు పనికిరాదు. చల్లదనానికి ఐసుగడ్డ వేయకండి, బజారులో దిమ్మలుగా దొరికేది చాలావరకు చేపల పెట్టెల కోసం చేసింది. పాత్రనే తడి ఇసుకలో దించండి. బీపీ ఉన్నవాళ్లకు ఉప్పు వేయనిది ఒక చెంబెడు పక్కన ఉంచితే వాళ్లు మొహమాటపడి తాగే పని ఉండదు.

శాస్త్రం సంగతి. ప్రప అన్నా, చలిపందిరి అన్నా ఇదే. నీళ్లు పోసే ఆమెను ప్రపాపాలిక అన్నారు మన పాతవాళ్లు. వైశాఖంలో నీళ్లు నింపిన కుండ దానం ఇవ్వడాన్ని ధర్మఘటం అంటారు, అక్షయ తృతీయ నాడు పితరులను తలుచుకుని ఉదకుంభ దానం చేస్తారు. మీ పురోహితుణ్ణి పిలిచి గోత్రనామాలతో సంకల్పం చెప్పించుకోవాలంటే ఆ రోజు బాగుంటుంది. అయితే నీళ్లు పోయడం మాత్రం ఆ తిథి దాకా ఆపకండి, ఉగాది వెళ్లేసరికే ఎండ ముదురుతుంది. మొదటి గ్లాసు అమ్మగారి చేత పోయించండి. ఆ తర్వాత ఎవరు, ఏ కులం, ఏ మతం అన్న ప్రశ్న పందిట్లోకి రాకూడదు. హుండీ పెట్టకండి, ఎవరైనా పదో పరకో ఇవ్వబోతే ‘ఒక బిందె నీళ్లు తెచ్చి పోయండి’ అనండి. బోర్డు మీద నాన్నగారి పేరు రాయండి, తప్పులేదు, కానీ ‘తాగునీరు’ అన్న మాట దానికన్నా పెద్దగా ఉండాలి. దూరం నుంచి దాహంతో వచ్చేవాడికి కనపడాల్సింది అదే.

నాలుగు ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు దగ్గర ఉంచండి. లీటరు ప్యాకెట్టును మొత్తం లీటరులోనే కలపాలి, చిటికెడు చిటికెడు గ్లాసుల్లో వేయకూడదు. డబ్బాల్లో అమ్మే తీపి పానీయాలు దానికి బదులు కావు. ఎవరైనా మాట తడబడి, ఒళ్లు కాలిపోతూ కూలబడితే నోట్లో నీళ్లు పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఒళ్లంతా తడిపి విసురుతూ 108కి ఫోన్ చేయండి.

పశువుల తొట్టి పెట్టాలనుంటే ఇంటి వెనక పెట్టండి, పందిరి దగ్గర కాదు. ఒక గేదె ఎండాకాలంలో రోజుకు 50 లీటర్ల పైనే తాగుతుంది. పిట్టలకు లోతు లేని మూకుడు చాలు, మధ్యలో ఒక రాయి వేస్తే వాటికి నిలబడే చోటుంటుంది. తొట్టీ మూకుడూ రెండూ వారంలోపు పూర్తిగా ఒంపి, రుద్ది, ఆరనివ్వాలి. డెంగీ దోమ గుడ్డు నుంచి రెక్కల దాకా రావడానికి ఆ వేడికి వారం పదిరోజులు చాలు.

మృగశిర కార్తె, అంటే జూన్ 8 ప్రాంతం దాకా నడపండి. తొలకరి ఆలస్యమైతే ఇంకో వారం. ఆపే ముందు రెండ్రోజులు బోర్డు మీద రాసి ఉంచండి, రోజూ వచ్చే ఆటోవాళ్లు, పోస్టుమ్యాన్ సీసా తెచ్చుకుంటారు. కుండల్లో ఉప్పు పట్టనివి రెండు మూడుంటే కడిగి, నాలుగురోజులు ఎండబెట్టి, బోర్లించి దాచండి. మిగతావాటి అడుగున చిల్లు పెట్టి మొక్కలు వేసుకోండి. ఇసుకలో ధనియాలు వేసి ఉంటే అప్పటికి కొత్తిమీర పువ్వుకొచ్చి ఉంటుంది.