ఎండాకాలంలో దుబాయ్ పనికి వచ్చే తమ్ముళ్ళకు

"అన్నా, మాది కరీంనగర్, 45 డిగ్రీల్లో పొలం పని చేసినోణ్ణి, దుబాయ్ ఎండ నన్నేం చేస్తది?" జూన్ వచ్చిందంటే ఎవరో ఒకరు ఈ మాట అంటారు. జగిత్యాల నుంచి నేనూ ఇదే ధీమాతో వచ్చాను. కానీ తమ్ముడూ, అక్కడి ఎండ వేరు, ఇక్కడి ఉక్క వేరు. మన దగ్గర మే నెలలో గాలి పొడిగా ఉంటుంది, పట్టిన చెమట పట్టినట్టే ఆరిపోయి ఒళ్ళు చల్లబడుతుంది. ఇక్కడ జూలై, ఆగస్టుల్లో సముద్రం మీది తేమంతా ఊరి మీదే ఉంటుంది, ఏసీ బస్సు దిగగానే కళ్ళద్దాలు మసకబారిపోతాయి, చొక్కా తడిసి ముద్దవుతుంది, చెమట మాత్రం ఆరదు. అది ఆరకపోతే ఒంట్లో వేడి బయటికి పోదు. అందుకే ఫోనులో 40 డిగ్రీలు చూసి ఇంతేనా అనుకోవద్దు, తేమ ఎంతుందో కూడా చూడండి.

అన్నిటికంటే ప్రమాదం మొదటి రెండు వారాలు. ఒళ్ళు ఈ వేడికి అలవాటు పడాలంటే 7 నుంచి 14 రోజులు పడుతుంది. నెల సెలవు మీద ఊరికెళ్ళి వచ్చిన పాతవాళ్ళకూ అంతే. మొదటి రోజు మామూలు పనిలో ఐదో వంతు చేసి, రోజూ కొంచెం కొంచెం పెంచుకోవాలి. "కొత్తగా వచ్చాను" అని ఫోర్‌మన్‌కి చెప్పడానికి మొహమాటపడకండి.

నేను కళ్ళారా చూసింది చెప్తాను. షట్టరింగ్ పని, పొద్దున తొమ్మిదే అయింది. వచ్చి నాలుగు రోజులైన ఓ అబ్బాయి సుత్తితో మేకు మీద కాకుండా పక్కన చెక్క మీద కొడుతున్నాడు. పేరు పెట్టి పిలిస్తే నా వైపు చూసి "బస్సు వచ్చిందా?" అన్నాడు. చెమట కారుతోంది కదా, వడదెబ్బ కాదులే అన్నారు పక్కనున్నవాళ్ళు. అది తప్పు, కష్టమైన పని చేసేవాళ్ళకు చెమటలు పడుతూనే వడదెబ్బ తగలొచ్చు. మాట తేడా వచ్చిందంటే వేడి మెదడు దాకా వెళ్ళినట్టే. నీడకి లాగి, బూట్లు, పైబట్టలు విప్పి, తాగే నీళ్ళ కూలర్ మొత్తం అతని ఒంటి మీద పోసేశాం, అట్టముక్కలతో విసురుతూనే 998కి ఫోన్ చేసి అంబులెన్స్ పిలిచాం. బతికాడు. ముందురోజు నుంచే తలనొప్పి ఉందట, జీతం కోస్తారని దాచాడు.

దాచకండి. తలనొప్పి, కళ్ళు తిరగడం, వికారం, పిక్కలు పట్టేయడం, వీటిలో ఏది వచ్చినా అక్కడే పని ఆపి నీడకి వెళ్ళండి. స్పృహ సరిగా లేని మనిషి నోట్లో నీళ్ళు పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పారాసెటమాల్ దీనికి పనిచేయదు, ఇది జ్వరం కాదు. జేబులో ఉల్లిపాయ పెట్టుకుంటే వడదెబ్బ తగలదన్న నమ్మకం మీద ప్రాణం పెట్టొద్దు.

నీళ్ళు దాహమయ్యే దాకా ఆగకుండా ఇరవై నిమిషాలకో గ్లాసు తాగండి, ఒకేసారి బాటిళ్ళు బాటిళ్ళు దించొద్దు. చెమట బాగా పోయిన రోజు ఓఆర్‌ఎస్ తాగండి, లేదా లబన్‌లో చిటికెడు ఉప్పేసుకుంటే మన మజ్జిగే. మూత్రం ముదురు పసుపుగా వస్తే నీళ్ళు చాలట్లేదని అర్థం. బీపీ మాత్రలు వాడేవాళ్ళు ఈ వేడిలో వాటిని ఎలా వాడాలో విమానం ఎక్కకముందే డాక్టర్‌ని అడగండి, సొంతంగా మాత్రం మానేయకండి.

యూఏఈలో జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3 వరకు ఎండలో పని చేయించకూడదు. కువైట్‌లో జూన్, జూలై, ఆగస్టు నెలల్లో 11 నుంచి 4 వరకు. కాకపోతే ఆ అబ్బాయి పడిపోయింది పొద్దున తొమ్మిదికి, అది గుర్తుంచుకోండి.

ఇంకొకటి, క్యాంపు గదిలో ఏసీ పాడైతే ఆ రాత్రే క్యాంపు బాస్‌ని లేపి చెప్పండి, బాగయ్యేదాకా పక్క గదిలో నేల మీదైనా పడుకోండి. రాత్రంతా ఉక్కలో నిద్రలేక పొద్దున మళ్ళీ సైటుకెళ్తే, ముందురోజు వేడి ఒంట్లో ఉండగానే పని మొదలుపెట్టినట్టు.