అమ్మమ్మ లేసు గుడ్డ ముట్టుకునే ముందు

చిన్నీ,

అమ్మమ్మ అల్లిన టేబుల్ క్లాత్ నువ్వే బాగుచేస్తానన్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. సంతోషమేసింది, వెంటనే దడా పట్టుకుంది. హైదరాబాదులో పుట్టి పెరిగిన పిల్లవి నరసాపురం లేసు పట్టుకుంటానంటే నాకు గొప్పే. కానీ ఆఫీసు నుంచి వచ్చి రాత్రిళ్ళు కూర్చుంటావట. వద్దే తల్లీ. కిరసనాయిలు దీపం దగ్గర తెల్లదారం అల్లీ అల్లీ మా అమ్మ, అదే మీ అమ్మమ్మ, చివరికి బియ్యంలో రాళ్ళు కూడా ఏరుకోలేకపోయింది. ఆదివారం పొద్దున, కిటికీ పక్కన, ఒళ్ళో నల్లగుడ్డ పరుచుకుని కూర్చో. కళ్ళు లాగితే ఆపెయ్.

ఉతకడం తర్వాత. ముందు తెగిన చోట ఊడిన లూపులన్నిటికీ రంగు దిగని దారం ఎక్కించి పెట్టుకో. జిగురు మాట ఎత్తావంటే వచ్చి వీపు చీరేస్తాను.

ఆ గుడ్డకి ఒక మూల రెండు పువ్వులు మిగతావాటికంటే చిన్నగా, బిగుసుకుపోయి ఉంటాయి చూడు. అవి నావి. అప్పుడు నాకు పదిహేడేళ్ళు. అమ్మ అంతర్వేది తీర్థానికి వెళ్ళినప్పుడు ఆ మూల ఎలుక కొరికింది. ఆవిడ వచ్చేలోపు కొత్తదానిలా చేసేద్దామని, పాడైన పువ్వుల చుట్టూ కత్తెరతో గుండ్రంగా కోసేశాను. పువ్వుకీ పువ్వుకీ మధ్య అతుకుపని ఉంటుందన్న సంగతి ఆ క్షణాన గుర్తే లేదు. పక్క పువ్వుల దారం కూడా తెగింది, రేకులు ఒక్కొక్కటే విడిపోయాయి. ఏడుస్తూనే కొట్టుకెళ్ళి దొరికిన దారం తెచ్చి, గట్టిగా ఉండాలని లాగి లాగి అల్లాను. బాగానే కనబడింది. ఉతికి ఆరేశాక కొత్తదారం ముడుచుకుపోయి పక్కనున్న పాతదారాన్ని లాగింది. ఇంకో నాలుగు చోట్ల తెగింది.

అమ్మ వచ్చి గుడ్డ తిరగేసి చూసింది. ఒక్క మాట అనలేదు, అదే నాకు దెబ్బ. నెలరోజులు కూలిపని పక్కనపెట్టి సరిచేసింది. అప్పట్లో దారం లెక్కన కూలి, అల్లకపోతే డబ్బుల్లేవు. 2024లో మన లేసుకి జీఐ గుర్తింపు, అంటే ఈ పనితనం ఈ ప్రాంతానిదే అన్న ముద్ర, వచ్చిందని పేపర్లో చదివినప్పుడు నాకు ఆ నెలే గుర్తొచ్చింది. నా రెండు పువ్వులు మాత్రం ఆవిడ విప్పలేదు. ఎందుకో చెప్పలేదు.

అందుకే నూలుదారమే కొను, పాతదాని పక్కన పెట్టి లావు సరిచూడు. నానబెట్టి ఆరాక అల్లు. మరీ తెల్లగా ఉంటే పల్చటి టీ నీళ్ళలో ముంచు. ముందు విడిగా ఒక పువ్వు అల్లి, కొలత కలిసిందో లేదో చూసుకో. తెగిన దారాన్ని కత్తిరించకు, నాలుగంగుళాల కొస చేతికొచ్చేదాకా వెనక్కి విప్పు. ఆ కొస కుట్ల మధ్య దాచెయ్. ఆరేసేటప్పుడు ఇనప గుండుసూదులు గుచ్చకు, తుప్పు మరక పోదు.

లేసు సూదుల డబ్బా మీ తమ్ముడి చేత పంపిస్తున్నాను. అందులో ఒకదానికి బొటనవేలు ఆనే చోట పల్లం పడి ఉంటుంది. అది అమ్మమ్మది. దాంతోనే అల్లు. నా రెండు పువ్వుల జోలికి మాత్రం వెళ్ళకు.

మీ పెద్దమ్మ