విరేచనాల మందుతో బరువు తగ్గాలనుకుంటున్న చెల్లి: ఇది ప్రమాదమా?

మీ చెల్లి తిన్న ప్రతిసారీ విరేచనాల చూర్ణం వేసుకుంటోందని, "ఆకు మందే కదా, ఏం కాదు" అంటోందని రాశారు. ఆ డబ్బా మీద ఒకసారి చూడండి. ఇలాంటి చాలా చూర్ణాల్లో ఉండేది సునాముఖి. అదీ పేగుల్ని బలవంతంగా కదిలించే మందే.

డిగ్రీలో, హాస్టల్లో ఉన్నప్పుడు నేనూ మాత్రలతో ఇదే చేశాను. పొద్దున బరువు తగ్గినట్టే కనిపించేది. పోయింది నీళ్లు. తిన్నదాంట్లో కేలరీలు చాలావరకు చిన్నపేగులోనే ఒంటికి పట్టేస్తాయి, ఈ మందులు ముఖ్యంగా పనిచేసేది ఆ తర్వాత వచ్చే పెద్దపేగులో. నీళ్లతో పాటు పొటాషియం కూడా పోతుంది.

మొదట పిక్కలు పట్టేసేవి. మెట్లెక్కితే గుండె దడ. ఒకరోజు క్లాసులో లేచి నిలబడగానే పడిపోయాను. రక్తంలో పొటాషియం కనీసం 3.5 ఉండాలి, నాకు 2.7 వచ్చింది. ఈసీజీ చూసి వెంటనే అడ్మిట్ చేశారు. పొటాషియం బాగా పడిపోతే గుండె లయ తప్పి ఆగిపోవచ్చని అప్పుడే తెలిసింది. అప్పటికి నేను సన్నగా కూడా లేను, అందుకే ఇంట్లో ఎవరికీ అనుమానం రాలేదు.

మీరు ముఖ్యంగా తెలుసుకోవాల్సింది మానేశాక ఏమవుతుందన్నది. రోజూ నీళ్లు పోతుంటే ఒళ్లు ఉప్పును, నీటిని పట్టి ఉంచే హార్మోన్ ఎక్కువగా తయారు చేస్తుంది. మాత్ర ఆపగానే అది తగ్గదు. కాళ్లు, ముఖం ఉబ్బుతాయి, మలబద్ధకం వస్తుంది, బరువు పెరుగుతుంది. "లావైపోతున్నాను" అని భయపడి నేను రెండుసార్లు మళ్లీ మొదలుపెట్టాను. అది కొవ్వు కాదు, నీరు. నాకు మూడో వారానికి తగ్గిపోయింది. ఈ మాట ఆమెకు ముందే చెప్పండి, ఆ రోజుల్లో బరువు చూసుకోనివ్వకండి. మానడం కూడా డాక్టరు చూస్తుండగానే జరగాలి.

ముందు ఫిజీషియన్ దగ్గర పొటాషియం, మెగ్నీషియం, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చూసే రక్తపరీక్ష), ఈసీజీ చేయించండి. తర్వాత సైకియాట్రిస్టును కలవాలి, ఎందుకంటే అసలు జబ్బు తిండి గురించిన ఆ భయమే. ఎవరిని కలవాలో తెలియకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి, ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు. స్పృహ తప్పినా, దడ ఆగకపోయినా, మలంలో రక్తం పడినా ఆగకుండా 108కి ఫోన్ చేయండి.

ఈ మందు వేసుకుంటున్న సంగతి డాక్టరుకు తప్పకుండా తెలియాలి. నేను సిగ్గుపడి దాచిపెట్టాను, గ్యాస్ మందు రాసి పంపేశారు. ఆ తర్వాతిసారి మా అక్క పక్కన కూర్చుని, నా చెయ్యి పట్టుకుని, తనే చెప్పింది.