గిటార్ వస్తే జానపదం పాడైపోతుందా?

ప్రశ్న: ఈమధ్యే బ్రెజిల్ ఈశాన్య ప్రాంతపు డాన్స్ సంగీతం ఫొహో పాటలు వినడం మొదలుపెట్టానండీ. లూయిజ్ గొంజాగా పాత పాటల్లో అకార్డియన్ ఎంత బాగుంటుందో, కొత్త బ్యాండ్‌ల దగ్గరికొచ్చేసరికి గిటార్లు, కీబోర్డులూనూ. ఇలా మార్చేస్తే అసలు జానపదం పాడైపోదా?

జవాబు: స్పెల్లింగ్‌లో రెండు ఆర్‌లు ఉన్నా మీరు ఫొహో అని కరెక్ట్‌గా రాశారు, సంతోషం, చాలామంది ఫోర్రో అనేస్తారు. ఇక మీ డౌటు. మీరు అసలు అంటున్న గొంజాగా కూడా ఆ రోజుల్లో మార్చినవాడేనండీ. 1912లో ఈశాన్య బ్రెజిల్‌లోని పెర్నాంబుకో రాష్ట్రంలో, ఎషూ అనే ఊళ్లో పుట్టాడు, నాన్న అకార్డియన్ వాయించేవాడు, రిపేర్లూ చేసేవాడు. ఈయనేమో రియో వెళ్లి మొదట్లో టాంగోలూ వాల్ట్జ్‌లూ వాయించుకుంటూ బతికి, తర్వాత సొంత ప్రాంతం పాటల మీదికి మళ్లి 1940ల్లో బయావ్ అనే అక్కడి డాన్స్ లయని రేడియోలో దేశమంతా వినిపించాడు. అకార్డియన్, జబుంబా డోలు, ట్రయాంగిల్ ఈ మూడింటి సెట్టు తాతల నాటిది అనుకుంటాం గానీ అదే పద్ధతిగా నిలబడిపోయింది ఆయన వల్లే.

నేనైతే గిటార్ ఉందా లేదా అని చూడను, జబుంబా ఏం చేస్తోందో వింటాను. భుజానికి వేలాడేసుకునే వెడల్పాటి డోలు అది, పైన చర్మం మీద మెత్తటి గుబ్బ ఉన్న కర్రతో ధుమ్మని దెబ్బ, కింద చర్మం మీద సన్నపుల్లతో టక్‌మని ఇంకోటి, డాన్స్ చేసేవాళ్ల అడుగు ఈ రెండిటినీ పట్టుకునే పడుతుంది. అది పోతే మాత్రం అకార్డియన్ ఎంత గట్టిగా మోగినా నాకు ఫొహో అనిపించదు.

90ల్లో ఫొర్తలేజా నుంచి వచ్చిన మస్త్రూజ్ కొం లేచి లాంటి బ్యాండ్‌లు కీబోర్డు, డ్రమ్ సెట్టు పెట్టి పెద్ద స్టేజీ షోలు చేశాయి, జనం ఎగబడ్డారు, నాకంత ఎక్కలేదు. సావో పాలోలో 1998లో మొదలైన ఫలమాన్సా మళ్లీ పాత వాద్యాల వైపే వచ్చింది, కాలేజీ కుర్రాళ్లు దానికే డాన్సులు నేర్చుకున్నారు.

పెర్నాంబుకో రాజధాని రెసీఫెలో షికో సైన్స్ అనే గాయకుడు, ఆయన బ్యాండ్ నసావ్ జుంబి చేసింది ఇంకో రకం, దానికి ఆధారం ఫొహో కాదు, మరకాటు అనే అక్కడి డోళ్ల ఊరేగింపు సంగీతం. 1994లో వచ్చిన వాళ్ల మొదటి ఆల్బమ్‌లో ఆల్ఫాయా అనే బరువైన డోళ్లు వరసగా మోగుతుంటే వాటి పక్కనే ఎలక్ట్రిక్ గిటార్ గీరుతూ ఉంటుంది, పైన హిప్‌హాప్ లాంటి మాట. షికో 1997లో కారు యాక్సిడెంట్‌లో పోయాడు, పాపం 30 ఏళ్లే. బ్యాండ్ మాత్రం ఆగలేదు. అదే ఊరి మెస్ట్రి అంబ్రోజియో అనే బ్యాండ్ అయితే అకార్డియన్ కంటే ముందు నుంచీ ఉన్న హబెకా ఫిడేలుని ముందుకు తెచ్చింది, కొంచెం గరుకుగా ఉంటుంది ఆ సౌండ్. మీకు పాత వాద్యాల సౌండ్ ఇష్టం కాబట్టి వీళ్లతో మొదలుపెట్టండి.