అన్నం ఉడకని చోటు నుంచి మొదలుపెట్టు

చిరంజీవి అమ్మాయికి,

నీ మనాలి–లేహ్ వ్యాసం రెండుసార్లు చదివాను. నలుగురు స్నేహితులు కలిసి పాత ఓమ్ని వ్యాను కొని, వెనక సీట్లు పీకేసి, ప్లైవుడ్‌తో మంచం కొట్టించుకుని, హైదరాబాదు నుంచి లడాఖ్ దాకా వెళ్ళొచ్చారంటే ఎంత సంతోషం వేసిందో! కానీ వ్యాసంలో ఆ వ్యాను నాకు కనపడలేదు. కొండలే ఉన్నాయి. ‘మంచు దుప్పటి కప్పుకున్న శిఖరాలు’ నాలుగుచోట్ల వచ్చాయి.

అసలు సంగతంతా నువ్వు ఉత్తరం చివర తాజాకలంలో రాశావు. బరువు తగ్గుతుందని కుక్కర్ ఇంట్లో వదిలేసి గిన్నె పట్టుకెళ్ళారు. సర్చూలో ముప్పావు గంట ఉడికించినా మెతుకు పట్టి చూస్తే పైన జావ, లోపల పలుకు. ఆకలి మీద ఇద్దరు గొడవపడి మాట్లాడుకోవడం మానేశారు. చివరికి ఢాబా గుడారంలో ఒకావిడ తన కుక్కర్ ఇచ్చింది. తల్లీ, వ్యాసం అక్కడుంది. సర్చూ దాదాపు 4,300 మీటర్ల ఎత్తు. గాలి ఒత్తిడి తక్కువ కాబట్టి నీళ్ళు 86 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. ఎంత గ్యాసు తగలేసినా అంతకు మించి వేడెక్కవు. ఆ ఎత్తు ఎలాంటిదో చెప్పడానికి నీ గిన్నెలోని ఆ ఒక్క మెతుకు చాలు. శిఖరాన్ని ఎవరైనా వర్ణిస్తారు, ఆ పలుకు తిన్నది మీరు నలుగురే.

అటల్ టన్నెల్ పొడవు 9.02 కిలోమీటర్లని, 2020 అక్టోబరు 3న ప్రారంభమైందని మొదటి పేరాలోనే పెట్టావు. వివరాలు తప్పు కాదు, కానీ అక్కడ పాఠకుడికి వాటితో పనిలేదు. ఇవతల దేవదారు అడవి, అవతల బోడి కొండలు. ఆ సొరంగం దాటి బయటికి రాగానే మీలో ఎవరు ముందు నోరు తెరిచారు? ఏమన్నారు? అది రాశాక కావాలంటే కిలోమీటర్లు చెప్పు. టండి దగ్గర మాత్రం లెక్క తప్పనిసరి. ‘తర్వాతి బంకు 365 కిలోమీటర్లు’ అన్న బోర్డు చూసి, నలుగురూ కలిపి వేసుకున్న డబ్బుల్లోంచి ఎన్ని క్యాన్ల పెట్రోలు కొనాలా అని వాదించుకున్నారట. చంద్రా, భాగా నదులు కలిసేది కూడా టండిలోనే. నువ్వు నదుల సంగమానికి ఒక పేజీ ఇచ్చి, పెట్రోలును ఒక్క వాక్యంతో వదిలేశావు. నేనైతే పెట్రోలుకు పేజీ, సంగమానికి వాక్యం ఇస్తాను.

నేనూ ఈ తప్పు చేశాను కాబట్టే ఇంతలా చెబుతున్నాను. ఆ దారి పర్యాటకులకు తెరిచింది 1989లో. తర్వాత కొన్నేళ్ళకు బస్సులో వెళ్ళాను. నోటుబుక్కు నిండా శిఖరాలే రాసుకున్నాను. ఇప్పుడు తీసి చూస్తే ఒక్క కొండా గుర్తురాదు. గుర్తున్నదల్లా తలనొప్పితో పడుకున్న నా పక్కన, పేరు కూడా తెలియని ప్రయాణికుడు రాత్రంతా మేలుకుని గంటకోసారి నీళ్ళు తాగించడం. అతని గురించి ఆ పుస్తకంలో ఒక్క అక్షరం లేదు. ఆ బాధ ఇప్పటికీ ఉంది.

గాటా లూప్స్‌లో 21 మలుపులు ఎక్కామని ఒక్క ముక్కతో తేల్చేశావు. అక్కడ చనిపోయాడని చెప్పుకునే లారీ క్లీనరు కోసం దారినపోయేవాళ్ళు నీళ్ళ సీసాలు పెడతారు కదా. మీరు ఆగారా? తాగే నీళ్ళు కొలుచుకుంటున్న రోజున ఎవరు సీసా ఇచ్చారు?

గొడవ రాయడానికి మొహమాటపడుతున్నావని అర్థమైంది. ముందు ఉన్నదున్నట్టు రాసెయ్. తర్వాత ఆ ఇద్దరికీ చదివి వినిపించు. వద్దంటే పేర్లు మార్చు, లేదా ఆ ముక్క తీసెయ్. స్నేహం కంటే వ్యాసం ఎక్కువ కాదు. కానీ రాయకముందే నువ్వే కత్తిరించుకోకు. వ్యానులో ఇద్దరు, బయట టెంటులో ఇద్దరు వంతులేసుకుని పడుకున్నారన్నావు. ఆ రాత్రి చలిలో బయట వంతు ఎవరిది?

ఖర్చుల పుస్తకం పారేయకుండా ఉంటే దాన్ని ముందేసుకుని కూర్చో. పంచరు, మ్యాగీ, టోలు, ఏ తేదీన ఎవరు కట్టారో, అన్నీ అందులో ఉంటాయి.

ఇంకొకటి. పొద్దున ఆ కుక్కర్ తోమి ఢాబా ఆవిడకి తిరిగి ఇచ్చింది ఎవరో రాయలేదు. మాట్లాడుకోని ఆ ఇద్దరిలో ఒకరా? కనుక్కుని రాయి. ఎదురుచూస్తుంటాను.

ఆశీస్సులతో,
మీ మాస్టారు